అచ్చాయమ్మ చెప్పిన జాగ్రత్తలు

"అమ్మాయ్, మీ ఆయన మళ్ళీ కక్కుకున్నాడు. పైవాళ్ళకి చెప్పు," అన్నాడు పక్క చాప మీది బుల్లియ్య, కాళ్ళు దగ్గరికి లాక్కుంటూ.

సూరమ్మకి ఒళ్ళు మండింది. మొదటిసారి ఓడెక్కినవాడు కక్కుకోక పాటలు పాడతాడా? తెల్లవారుతూనే కోరంగి రేవులో ఎక్కారు, మొగుడూ పెళ్ళాం, అయిదేళ్ళ పాపాయీ. సముద్రం దాటి బర్మాలో రంగం వెళ్ళి వడ్ల మిల్లుల్లో పని చేసుకుని బతుకుదామని. ఎక్కీ ఎక్కగానే ఓడ మనుషులు అందర్నీ అడుగుకి తోలేసి, ముసురు పట్టిందని నెత్తిమీద చెక్కమూత లాగేశారు. నలభైమందీ మెట్ట ఊళ్ళవాళ్ళే, సముద్రం మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. పైన గొలుసుల మోత, తాళ్ళు లాగేవాళ్ళ కేకలు. ఓడ కర్రలన్నీ కిర్రుమని ఒక్క కుదుపు కుదిపేసరికి ఎవరి దేవుడికి వాళ్ళు దండం పెట్టుకున్నారు.

సూరమ్మకి మాత్రం భయం లేదు. పెద్దాపురంలో వాళ్ళ వీధి అచ్చాయమ్మ రంగం రెండుసార్లు వెళ్ళొచ్చిన మనిషి. బయల్దేరే ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఓడ సంగతులన్నీ నూరిపోసింది. చివర్న చాపెయ్యకే, ఊపెక్కువ, నడిమధ్య వెయ్యి. కడుపునిండా తినొద్దు, నాలుగు అటుకులు నములు. మూట నడుముకి కట్టుకుని పడుకో. ఓడ కదిలిందగ్గర్నించీ వాంతులే వాంతులు, నిమ్మకాయ వాసన చూపించు, మర్నాటికి అవే కడతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఓడమీద పెత్తనమంతా సరంగుది. ఆయనొచ్చి అడిగితే అందరం బాగున్నామని చెప్పు. రోగమని పేరు పడిందా, మొగుడో దిక్కు, పెళ్ళామో దిక్కు.

"అది ఓడ తిరుగుడు, మావయ్యా. రేపటికి లేచి కూర్చుంటాడు," అంది బుల్లియ్యతో, నిమ్మకాయ మొగుడు సత్తియ్య ముక్కు దగ్గర పెడుతూ.

"నాకలా అనిపించట్లేదమ్మా."

"నువ్వెన్ని ఓడలెక్కావేంటి?"

నిజానికి చుట్టుపక్కల మరో నలుగురైదుగురు కూడా తల తిరుగుతోందనీ, కడుపులో దేవుతోందనీ గోడకి చేరగిలబడ్డారు. అది చూసి సూరమ్మకి ఇంకా ధైర్యం వచ్చింది. ఓడ ఎవర్ని మాత్రం వదిలిపెడుతుంది!

కాసేపటికి వాంతితోపాటు విరోచనాలూ మొదలయ్యాయి. బియ్యం కడిగిన నీళ్ళలా పోతోంది. సూరమ్మ తన పాత చీర చింపి తుడిచింది, మళ్ళీ తుడిచింది. సత్తియ్య పిక్కలు కొయ్యబారిపోతే కూర్చుని పిసికింది. మనిషి చూస్తుండగానే పీక్కుపోయాడు. వేళ్ళ కొసలు పొద్దంతా బట్టలుతికినట్టు ముడతలు పడ్డాయి. అచ్చాయమ్మ విరోచనాల మాట చెప్పలేదే అనుకుంది ఒక్క క్షణం. చెప్పడం మర్చిపోయి ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"సూరీ, నన్ను ఒడ్డున దించెయ్యమని చెప్పవే," అన్నాడు సత్తియ్య. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"నడిసముద్రంలో ఒడ్డెక్కడిదయ్యా? ఓర్చుకో. ఈ ఒక్కరోజే."

మిట్టమధ్యాహ్నం చెక్కమూత జానెడు లేచింది. సరంగు వంగి లోపలికి చూశాడు. చీకట్లో ఆయనకేం కనిపిస్తుంది? ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే ఇప్పుడే చెప్పండి, దాచిపెట్టొద్దు అన్నాడు. బుల్లియ్య లేవబోయాడు. సూరమ్మ అతని పంచె పట్టుకుని కిందికి గుంజింది.

"అందరం బాగున్నామండి," అంది గట్టిగా, అందరికంటే ముందు.

మూత పడింది. బుల్లియ్య చాప చుట్టుకుని వేరే మూలకి పోయాడు. పోతే పోనీ అనుకుంది. తన మొగుణ్ణి తనకి కాకుండా చెయ్యాలని చూసేవాడు పక్కనుంటే ఎంత, లేకుంటే ఎంత.

ఆ తరవాత సత్తియ్య ఒడ్డు మాట ఎత్తలేదు. నీళ్ళడిగాడు, తాగాడు, తాగినవి తాగినట్టే కక్కేశాడు. పొద్దు వాలే వేళకి కక్కడం కూడా మానేశాడు. వాంతులు కట్టాయని సూరమ్మ సంతోషపడింది. పాపాయిని పిలిచి, నాన్న నిద్రపోతున్నాడు, అల్లరి చెయ్యకమ్మా అంది. పాపాయి వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉందమ్మా అంది.

సూరమ్మ ఏడవలేదు. ఏడవడానికి వ్యవధి లేదు. ఓడలో పోయినవాళ్ళని రాయి కట్టి సముద్రంలో వదిలేస్తారని కూడా అచ్చాయమ్మే చెప్పింది. పిడికెడు మట్టికి కూడా నోచుకోకుండా పోతాడా తన మొగుడు? నిచ్చెన ఎక్కి చెక్కమూతని రెండు చేతులా బాదింది. సరంగు మూత ఎత్తగానే తల బయటపెట్టి, కళ్ళైనా ఎత్తకుండా ఆయన కాళ్ళు వాటేసుకుంది.

"బాబూ, మా ఆయన పోయాడు. సముద్రంలో పారెయ్యకండి, మీకు పుణ్యముంటుంది. ఒడ్డు తగిలేదాకా ఉంచండి."

సరంగు ఆవిణ్ణి వింతగా చూశాడు.

"సముద్రమెక్కడిదమ్మా? పోటు చాలక పొద్దుటినుంచీ తాళ్ళేసి లాగుతున్నా ఓడ రేవు బురదలోంచి లేవనే లేదు, ఒడ్డు మీంచి మీరు ఎక్కిన బల్ల కూడా ఇంకా తియ్యలేదు."