పర్శరాములు చదివిన మంత్రం

"మంత్రం సదువు కొడుకా. మీ బాపు సెవుల పడ్డంకనే పాడె లేస్తది," అంటూ తల్లి యాదవ్వ వాకిట్లో శవానికి అడ్డంగా కూర్చుంది.

పర్శరాములు తండ్రి శవం వైపు చూశాడు. కల్లు గీస్తూ తాటిచెట్టు మీది నుంచి పడి ప్రాణం విడిచిన సిద్ధయ్య బతికినన్నాళ్లూ సిద్దిపేటలో కనబడ్డవాళ్లందరికీ ఒకటే గొప్ప చెప్పుకునేవాడు, "నా కొడుకు పట్నంల సంస్కృతం సదువుతుండు" అని. మాట నిజమే. కావ్యాలు, నాటకాలు, తర్కం, పాత రాజుల చరిత్ర, రాతి శాసనాలు అన్నీ కలగలిపిన బి.ఏ. చదువు అది. అందులో లేనిదల్లా చావు మంత్రమే.

"మాకు మంత్రాలు చెప్పరే అవ్వా."

చిన్నాయన నాగయ్య పెదవి విరిచాడు. "గందుకే అన్న, గౌండ్లోళ్లకు గా సదువెందుకని. దఫ్తర్ల నౌకరొచ్చే సదువు సదువుమంటె ఇన్లే. ఇగ లేపున్రి."

యాదవ్వ కదల్లేదు. "పోయినోన్ని అబద్ధాలకోరును చెయ్యకురా," అంది.

ఆ మాట పర్శరాములుకు ఎక్కడో తగిలింది. కళ్లు మూసుకుని నోటికొచ్చిన శ్లోకం ఎత్తుకున్నాడు. ఎవరో కవి తొలకరి మబ్బును చూసి చెప్పిన శ్లోకం అది. ఏడుస్తూనే రాగం తీసి చదివాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాగయ్య కూడా తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

కోమట్ల ఇంట్లో పూజ ముగించుకుని పోతున్న పురోహితుడు కాశీపతి వీధి మొగదల ఆగి వింటున్నాడు. ఆయన్ని చూసేసరికి, గుట్టు బయటపడ్డట్టేనని పర్శరాములు తల దించుకున్నాడు.

నాగయ్య అక్కడి నుంచే కేకేశాడు. "అయ్యగారూ, పిలగాడు మంత్రం సక్కగనే సదివిండా?"

కాశీపతి పాడె వైపు, పర్శరాములు వైపు చూశాడు. తర్వాత, "తప్పేం లేదు. మంచిగ సాగనంపున్రి," అని వెళ్లిపోయాడు. యాదవ్వ లేచి పాడెకు దారిచ్చింది.

దినాలు గడిచాక పర్శరాములు కాశీపతి ఇంటికి వెళ్లి అరుగు కింద నిలబడ్డాడు. తల్లికి చెప్పుకోలేని మాట ఆయనకైనా చెప్పుకోకపోతే అన్నం సయించేలా లేదు.

"అయ్యగారూ, ఆనాడు నేను చదివింది మంత్రం కాదు, మబ్బు మీది శ్లోకం. తెలిసి కూడా మీరు మా పరువు నిలబెట్టిన్రు."

కాశీపతి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని అరుగు దిగాడు. ఎన్నడూ లేనిది, చెయ్యి తగిలేంత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నాకేం తెలుసు నాయనా? మా నాయిన నోటికి నేర్పినయే ఇంటింటికి పోయి చెప్తున్న. అర్థం మా నాయినకూ తెల్వదు, నాకూ తెల్వదు." ఆయన మాట ఇంకా తగ్గించాడు. "పోయినేడు నా బిడ్డ చితి కాడ నేనేం చదివిననో, జెర నాకు చెప్తవా?"