ఎర్ర గుడ్డ దొంగ

"మావయ్యా! దొంగతనం చెయ్యడానికి ఇంకేం దొరకలేదా నీకు?"

పడవలో లేచి నిలబడి మరీ అరిచింది వాలంటీరు పిల్ల. వీధంతా వరద నీళ్లే. నిన్న తన చేత్తో బామ్మ కిటికీకి కట్టిన ఎర్ర గుడ్డ, ఇవాళ ఎదురు మేడ మీద పేచీ మావయ్య బాల్కనీకి ఊగుతోంది. నడవలేని మనిషి ఉన్న ఇంటికే ఆ గుడ్డ కడతారు. పడవ ముందు అక్కడికే వెళ్తుంది.

"అది కాదమ్మాయ్..."

"ఏది కాదు? దుక్కలా ఉన్నావ్, నీకెందుకు గుడ్డ? పాపం బామ్మ మంచం దిగలేదు, గట్టిగా పిలవనూ లేదు!"

"ముందు నా మాట..."

"మురుగుకాలవ దగ్గర ఆవిడతో పడ్డ గొడవ ఇంకా మర్చిపోలేదా? పగ తీర్చుకునే టైమా ఇది?"

"ఆయనేదో చెప్తున్నాడు చెల్లెమ్మా" అన్నాడు పడవ నడిపే అన్న.

"పట్టించుకోకన్నా! ట్రైనింగ్‌లో చెప్పారు. అరిచేవాళ్ల దగ్గరికి కాదు, అరవలేనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలట. అదిగో, నీళ్లు కిటికీ దాకా వచ్చేశాయ్. బామ్మ ఇంటివైపు తిప్పు, తిప్పు!"

ఇంజను మోతలో మావయ్య కేకలు కలిసిపోయాయి. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. ట్రైనింగ్ ప్రకారం ఆమె ఇంకా గట్టిగా పట్టించుకోలేదు.

తన్నగా తన్నగా బామ్మ తలుపు ఊడింది. లోపల మంచం తేలుతోంది. మంచం మీద దిండుంది. బామ్మ లేదు.

"బామ్మా!"

పిల్ల నీళ్లలోకి దూకేసింది. చేతులతో గదంతా గాలించింది. చీర కొంగు దొరికిందనుకుని లాగితే కర్టెన్ ఊడొచ్చింది. కర్టెన్ పట్టుకునే ఏడ్చేసింది.

అన్న ఇంజను ఆపాడు. వీధంతా సద్దుమణిగింది. మాట పూర్తి చేసే అవకాశం మావయ్యకి ఇప్పటికి దొరికింది.

"రాత్రే మోసుకొచ్చేశానే తల్లీ, నా మంచం మీదే ఉంది! 'మనిషి ఎక్కడుంటే గుడ్డ అక్కడ కట్టరా మొద్దూ' అని బామ్మే అంటే కట్టాను. ఆ చివరి మాట ఇప్పుడు నీక్కూడా చెప్పమంటోంది!"