కసిరే పెట్టె

సందు మలుపులో చెత్త పోసేవాళ్ళను కసిరే పెట్టె ఒకటి, బడి సైన్సు పోటీ కోసం మా ఆడపడుచు తయారుచేసింది. పోటీ రేపే. ఇవాళ పనిచేస్తుందో లేదో చూద్దామని పెడితే, మొదట దొరికింది మా అత్తగారే.

"ఏమ్మా, కళ్ళు నెత్తికెక్కాయా? ఎత్తు ఆ చెత్త!" అని అరిచింది పెట్టె.

అత్తగారు చెత్తంతా బుట్టలోకి ఎత్తుకుని ఇంటికొచ్చి పడ్డారు. "ఎవతే ఆ గయ్యాళి? దాన్ని కోడలిగా తెచ్చుకున్న మహాతల్లి ఎవరో, పాపం!"

ఆవిడ లోపలికి వెళ్ళగానే ఆడపడుచు నా చెవిలో గొణిగింది. "అమ్మ గుర్తుపట్టలేదు వదినా! రేపు పోటీకి తనూ వస్తుంది. నీ గొంతు తీసేయనా?"

ఎప్పటిలాగే ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాను. "మళ్ళీ రికార్డు చెయ్యి. ఈసారి ఇంకాస్త గట్టిగా అరుస్తాను."