మాటల్లేని కాఫీ

కాఫీ వాసనకి ఆమెకు మెలకువ వచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే, మిషన్ కింద కప్పు నిండా పొగలు కక్కే కాఫీ! భర్త ఇంట్లో లేడు, అప్పటికే వాకింగుకి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగి ఇరవై రోజులైంది. గొడవంతా ఈ మిషన్ గురించే. "పుట్టినరోజుకి నాకేమీ వద్దు, ఒక్క పూట మీ చేత్తో కాఫీ పెట్టివ్వండి చాలు" అని ఆమె అడిగితే, బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి, ఫోన్లో నొక్కితే కాఫీ పెట్టే మిషన్ తెచ్చి, నీళ్ళూ గింజలూ నింపి, కింద కప్పు కూడా పెట్టి ఉంచాడు.

"దీన్ని నేను ముట్టను" అంది ఆమె.

"అయితే నేనూ ముట్టను" అని అతను ఫోన్లోంచి ఆ యాప్ పీకి పారేశాడు.

అంటే ఇప్పుడీ కాఫీ చేత్తో నొక్కి పెట్టిందే! ఆమె సగం తాగి, సగం అతని కప్పులో పోసి మూత పెట్టింది. అక్కకి ఫోన్ చేసింది.

"ఆదివారం వచ్చేస్తున్నావుగా? గది సర్దించాను" అంది అక్క.

"వస్తాలే గానీ, ఇవాళ ఆయన కాఫీ పెట్టాడే! ఉలుకూ పలుకూ లేకుండా పెట్టేసి పోయాడు."

"ఒక్క కప్పుకే కరిగిపోయావా?"

"కరగలేదు. రేపేం చేస్తాడో చూద్దామని."

మంచం మీద సగం సర్దిన బ్యాగు అలాగే ఉంది. దాన్ని అతను రోజూ చూస్తూనే ఉన్నాడు. 'వెళ్ళకు' అనడానికి నోరు రావడం లేదు. అలాంటివాడికి వాకింగు నుంచి రాగానే మూత కింద సగం కాఫీ కనిపించింది. ముట్టనన్న మనిషి తనే కాఫీ పెట్టి, నాకూ ఉంచిందా అని పొంగిపోయాడు.

ఆ సాయంత్రం మిషన్లో నీళ్ళు, గింజలు నింపి పెట్టాడు. ఆమె తలుపు చాటునుంచి చూసి, రేపూ ఉందన్నమాట అనుకుంది. కప్పు కడిగి మిషన్ కింద పెట్టింది.

మర్నాడూ కాఫీ ఉంది. ఆ మర్నాడూ ఉంది. ఎందుకీ మార్పని ఇద్దరికీ తెలుసుకోవాలని ఉంది. అడిగితే ఎక్కడ మానేస్తారోనని ఇద్దరికీ భయమే.

నాలుగోరోజు అతను గోడకేసి చూస్తూ, "కాఫీ బాగుంది" అన్నాడు.

"బాగుండకేం?" అంది ఆమె కిటికీకేసి చూస్తూ.

"రేపు సినిమాకి వెళ్దామా?"

"నన్నేనా అడుగుతున్నారు, గోడనా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమె కళ్ళు తడిశాయి. శనివారం సినిమా నుంచి రాగానే బ్యాగులో బట్టలు తీసి అల్మారాలో సర్దేసింది.

"అక్కా, నేను రావడం లేదు."

"మరి నేను సర్దించిన గది?"

"బావగారు గురక పెట్టినప్పుడు నువ్వెళ్ళి పడుకో."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ముందుగదిలో పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, కింది వాటాలో ఉండే దర్జీ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, కాస్త ఇది చూసిపెట్టండి. పోయిన సోమవారం అచ్చం మీలాంటి కాఫీ మిషనే కొన్నాను. మీదీ మాదీ ఓనరుగారిచ్చిన వైఫైయే కదా, ఫోన్లో మిషన్ పేరు కనబడితే కలిపేసుకున్నాను. రోజూ పొద్దున్నే నొక్కుతున్నాను, మాది మాత్రం ఉలకదు."

"ఏదీ, ఇప్పుడోసారి నొక్కండి" అన్నాడు అతను ఉత్సాహంగా.

దర్జీ నొక్కాడు.

వీళ్ళ వంటింట్లో మిషన్ గరగరమంది.