పిచ్చుకలు మోసిన దారి

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ. సూరీడమ్మనే పిచ్చుక గుప్పెడంతే గానీ, గర్వం మాత్రం గుమ్మడికాయంత.

ఓసారి ఏరు పొంగింది. అవతలొడ్డున కుందేలు పోలమ్మ పిల్లల్తో చిక్కుకుపోయింది. గుట్టెక్కితే బతుకుతారు, దారేమో తెలీదు. ఇవతలున్న ముసలి తాబేలుకి తెలుసు, కానీ ఆ దారి చెప్పాలంటే చాంతాడంత.

"ఆ కబురు మొత్తం నేనొక్కణ్ణే మోస్తా!" అని కాకి గవర్రాజు ఎగిరాడు. నడి ఏట్లో డేగ తరిమింది. ఆ భయానికి దారంతా మర్చిపోయి తిరిగొచ్చాడు.

"తప్పుకో బావా, మావాళ్ళని చూడు!" అంది సూరీడమ్మ. తాబేలు చెప్పిన దారిని ముక్కలు చేసి, పిచ్చుకకో ముక్క చొప్పున నేర్పింది. ప్రతి ముక్కకీ పోలమ్మ పేరూ, అది ఎన్నోదో గుర్తూ తగిలించింది. ఎవరికి దొరికిన సందులోంచి వాళ్ళు తుర్రుమన్నారు.

గవర్రాజు నవ్వాడు. "వెనకోడు ముందు చేరితేనో?"

"చేరనీవయ్యా! ఎన్నోదో చెప్తారుగా, వరస పోలమ్మే పేర్చుకుంటుంది."

అంతలో ఓ పిచ్చుక తిరిగొచ్చింది. "నాలుగోది అందింది, మూడోది రాలేదంట!" డేగకి జడిసి ఆ మూడో పిచ్చుక వెదురుపొదలో దాక్కుంది మరి.

"ఒక్కటేగా, పోనియ్," అన్నాడు గవర్రాజు.

"అది లేకపోతే పిల్లలు ఊబిలో దిగిపోతారు!" అని, సూరీడమ్మ ఆ ఒక్క ముక్కే పట్టుకుని తనే ఎగిరింది.

పోలమ్మ పిల్లల్తో గుట్టెక్కేసింది. "ఇంతకీ నాకు దారి తెచ్చిందెవరే?" అని పైనించి కేకేసింది.

"నేనే!" అని ముక్క చేర్చిన పిచ్చుకలన్నీ రొమ్ము విరుచుకున్నాయి. అందులో ఒక్కటీ అబద్ధమాడలేదు.