అయ్యగారి చెయ్యి

"ఒక్క మెట్టు దిగమ్మా. చెయ్యి నేను పట్టుకున్నాగా," అన్నారు జయపాల్ అయ్యగారు.

పింకీ దిగలేదు. తెల్లచీర కుచ్చెళ్ళు గుప్పిట్లో బిగించి, కాలువ రేవు మీద కొయ్యబారి నిలబడింది. ఈస్టరు ఆరాధన ముగించుకుని సంఘమంతా పాటలు పాడుకుంటూ గట్టుకు వచ్చేసింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఎంత నామోషీ! అయినా కాళ్ళు మాట వినడం లేదు. వేసవిలో తాగునీటికని వదిలిన సాగర్ నీళ్ళు నిండుగా, సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి.

ఈ కాలువే ఆమె తండ్రిని పొట్టన పెట్టుకుంది. మిరప చేనుకు నీళ్ళు పెడుతూ, మోటారు పైపుకు చుట్టుకున్న నాచు తీయడానికి దిగి మళ్ళీ పైకి రాలేదు. అప్పటికి పింకీ బళ్ళో చదువుతోంది. ఆనాటి నుంచి ఆమె ఈ గట్టు తొక్కితే ఒట్టు. నీళ్ళల్లో ముంచి ఇచ్చే బాప్తిస్మం మాటెత్తితే చాలు, ఒళ్ళంతా చెమటలు. చర్చిలో ప్రభువు బల్ల జరిగిన ప్రతిసారీ రొట్టె పళ్ళెం తన ముందుకు వచ్చేది. బాప్తిస్మం లేనిదే తీసుకోకూడదాయె. తల దించుకుని పక్కనున్న తల్లి పాపమ్మకు అందించేది.

జయపాల్ అయ్యగారు నిరుడే ఈ ఊరి సంఘానికి పాస్టరుగా వచ్చారు. ఆయనది ధరణికోట. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి ఈ కాలువ ఓ లెక్కా అనుకుంది ఊరు. పింకీకి ధైర్యం వచ్చిందీ అక్కడే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఓ రోజు తెగించి అడిగేసింది.

"అయ్యగారూ, నా చెయ్యి మీరు పట్టుకుంటానంటే దిగుతా. ఇంకెవురు పట్టుకున్నా నా వల్ల కాదు."

ఆయన వెంటనే సరేననలేదు. "నరసరావుపేట చర్చిలో బాప్తిస్మం తొట్టి ఉందిగా, అక్కడ ఇద్దామా తల్లీ?" అన్నారు.

తన భయం చూసి జాలిపడ్డారని పింకీకి సిగ్గేసింది. "వొద్దయ్యగారూ. నాయన పోయిన నీళ్ళల్లోనే దిగుతా. ఈ భయంతోనే ముసలిదాన్నయిపోవాలా?"

"మన కాలవుండగా తొట్లేంది?" అని సంఘపెద్ద సాల్మన్ రాజు కూడా వంత పాడాడు. "పాత అయ్యగారు మాకందరికీ ఈడే ఇచ్చాడు."

జయపాల్ అయ్యగారు వచ్చాక ఊళ్ళో ఇదే మొదటి బాప్తిస్మం. ఇందాక ఆయన గట్టు మీద మోకరించి ఎంతకీ లేవలేదు. "నా బిడ్డ కోసం ఎంత ప్రార్థన చేస్తున్నాడో సూడు," అని పాపమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. లేచాక పింకీ బాబాయిని పిలిచి, "ఏలియా, నువ్వు దిగువన నీళ్ళల్లో నిలబడవయ్యా," అన్నారు. ఏలియా గజ ఈతగాడు.

ఇప్పుడు ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. నలభై రోజుల ఉపవాసం, మనిషిలో ఇంకేం సత్తువ మిగులుతుంది పాపం అనుకుంది పింకీ. కల్లంలో మిరపకాయలు ఏరి మండుతున్న ఆమె చేతిని ఆయన ఎముకలు నలిగేలా పట్టుకున్నారు.

"భయమేస్తంది అయ్యగారూ."

"వెయ్యనీ. భయంతోనే దిగుదాం."

"మీకేంది, కిష్ణ ఒడ్డు మనిషి."

ఆయన పాదంతో కింది మెట్టు తడిమి చూసుకున్నారు.

ఒక మెట్టు. ఇంకో మెట్టు. నీళ్ళు నడుము దాటాయి. గట్టు మీద పాట అందుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుని, "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున..." అంటూ ఆమెను వెనక్కి వంచి ముంచారు.

నీళ్ళు ముఖాన్ని కప్పగానే తండ్రి గుర్తొచ్చాడు. అంతే, పింకీ గిలగిల కొట్టుకుంది. పాచిమెట్టు మీద కాలు జారింది. చెయ్యి పట్టు తప్పింది. తడిసి బరువెక్కిన చీర కాళ్ళకు చుట్టుకుంది. ప్రవాహం ఆమెను లోపలికి లాగేసింది.

ఒక్కసారి తల పైకి తేలినప్పుడు అయ్యగారి ముఖం కనిపించింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "యేసయ్యా!" అని ఒక్క కేక పెట్టి ఆయన దూకేశారు.

మళ్ళీ మునిగింది పింకీ. ముక్కుల్లో నీళ్ళు, చెవుల్లో హోరు. అయిపోయింది, నాయన దగ్గరికే పోతున్నా అనుకుంది. అప్పుడు కింద నుంచి రెండు చేతులు ఆమె మోకాళ్ళను చుట్టి పైకెత్తాయి. తల బయటపడింది. ఊపిరి అందింది. నీళ్ళ అడుగున అయ్యగారి భుజాలు ఒక్కో అడుగే గట్టువైపు కదులుతున్నాయి. ఆయన తల మాత్రం పైకి రాలేదు.

"బాబాయ్!"

ఏలియా ఈదుకుంటూ వచ్చి ఆమెను అందుకున్నాడు. గట్టున చేర్చి మళ్ళీ దూకాడు. రెండుసార్లు మునిగి, మూడోసారికి అయ్యగారిని చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కితే అయ్యగారు భళ్ళున నీళ్ళు కక్కారు. కళ్ళు తెరుస్తూనే, "పిల్లేదీ?" అన్నారు.

"ఈడే ఉన్నా అయ్యగారూ!" పింకీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భయం ఏమైపోయిందో ఏమో, తడిచీరతో కాలువ అంచునే కూర్చుని ఉంది. అయ్యగారి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న ఆయన భార్య సుందరమ్మ వైపు తిరిగింది.

"ఏడవబాకండి అమ్మగారూ, ఏం కాలేదుగా! అయ్యగారు నీళ్ళ అడుగున ఎంతసేపున్నాడో! కిష్ణలో ఈదిన మనిషి గాబట్టి సరిపోయింది. ఇంకోళ్ళయితే ఇద్దరం పోయేవాళ్ళం."

సుందరమ్మ భర్త ముఖం తుడుస్తూ తలెత్తింది.

"ఆయనకి ఈత రాదే తల్లీ."