చిక్కటి పాలు

"ఏం కలుపుతున్నవ్ దుర్గయ్యా?"

గిన్నెలో పాలు పోయబోతున్న దుర్గయ్య చెయ్యి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ రామలింగం సారు చూపు పాల క్యాను మీదే ఉంది.

"ఏం కలుపలె సారూ."

"కలుపకుంటె పాల మీద గింత మందం మీగడ ఎట్లొస్తది? ఎన్నడన్న వచ్చిందా? నాలుగు దినాల సంది మా మనుమరాలు మోషన్లతోటి పండుకున్నది."

ఎదురింటి నాగమణమ్మ గిన్నెతో సహా వచ్చేసింది. "మా ఇంట్లనూ గంతే! సిరా అద్దుడు కాగితం నానవెట్టి కలుపుతరంట సారూ. మీగడ మస్తు గడతదంట."

గౌలిపురలో ఆ గల్లీ పాతిక ఇళ్లకూ దుర్గయ్యే పాలు పోస్తాడు. మామూలుగా మాటకు మాట అంటించే మనిషి. ఆ పొద్దున మాత్రం తల వంచుకుని, "బర్రె మీద ఒట్టు, ఏం కలుపలె" అని గొణిగి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడి వాలకం అదేనని సారు తేల్చేశాడు.

సారుకు కోపం కన్నా బాధ ఎక్కువైంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. ఏ నాయకుడు ఎంత తిన్నాడన్నదే పేపర్ల నిండా. బడి నుంచి రిటైరైన సారు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ పేపర్ గల్లీకంతా చదివి వినిపించేవాడు. చివర్లో ఒక మాట అనేవాడు: "నాయకులేమన్న ఆకాశంలకెళ్లి ఊడిపడ్డరా? మనలకెళ్లి పోయినోల్లే. మనం సక్కగుంటె వాల్లు సక్కగుంటరు." అరుగు కింద గొంతుక్కూర్చుని నోరు తెరుచుకుని వినేవాళ్లలో దుర్గయ్య మొదటివాడు. అలాంటివాడే ఇలా చేస్తే ఇక దేశాన్ని ఏమనుకోవాలి?

మధ్యాహ్నానికల్లా మున్సిపల్ ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. సారు అడగ్గానే ఇంటికొక సంతకం పడింది. అయినా కళ్లారా చూడకుండా ఒకడి పొట్ట కొట్టడానికి మనసొప్పలేదు. తనే వెళ్లి పట్టుకుంటానని గల్లీ వాళ్లకు చెప్పి, మర్నాడు తెల్లవారుతుండగా దుర్గయ్య బర్రెల కొట్టం వెనక గడ్డివాము చాటున నక్కాడు.

దుర్గయ్య పాలు పిండి చెంబులోంచి తిన్నగా క్యానులోకి ఒంపాడు. కాగితం లేదు, పిండి లేదు. అతని పెండ్లాం కొమురమ్మ పక్కనున్న నీళ్ల బకెట్ ఎత్తింది. దుర్గయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దంటి గదనే."

"పదేండ్ల సంది సగానికి సగం నీళ్లు వోసినం. ఒక్కలన్న ఏమన్నరా? నీళ్లు బందు జేసినంకనే దొంగలమైనం. గల్లీ మొత్తం పాలు వద్దంటె బర్రెలనమ్ముకునుడే ఇగ."

"సారు చెప్పింది నిజమే గదనే, మనం సక్కగుండాలె. అసలు పాలు ఎట్లుంటయో గల్లీలోల్లకు తెల్వకుంట జేసింది మనమే. నీళ్ల పాలకు అలవాటువడ్డ కడుపులు, చిక్కటియి అరుగుతలెవ్వు. జర ఓర్సుకో. సారు సదువుకున్నోడు, ఆయనకన్న తెలుస్తది."

సారుకు కళ్లు చెమర్చాయి. కళ్లద్దాలు తీసి గడ్డి మీద పెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇంతలో బర్రె ఒకటి ఇటు తిరిగి బుస్సుమంది. ఎక్కడ దొరికిపోతానోనని సారు గబగబా బయటపడ్డాడు. గల్లీ నడుమ నిలబడి అందరికీ నిజం చెప్పేస్తాను, దుర్గయ్యను పిలిచి అరుగు మీద నా పక్కన కూర్చోబెట్టుకుంటాను అనుకుంటూ దారి పొడవునా నడిచాడు.

గల్లీ మొదట్లోనే ఆడా మగా చేరి ఉన్నారు.

"దొరికిండా సారూ?"

ఒక్క మాట చాలు. పాలు అసలైనవేనని అనాలి. అంటే, పదేళ్లు నీళ్లు తాగి పాలనుకున్న మనిషా మాకు పాఠాలు చెప్పింది అంటారు. సంతకాలు పెట్టించింది ఎవరంటారు.

"దొరికిండు. గట్టిగ చెప్పిన. రేపటి సంది కలుపడు."

ఫిర్యాదు కాగితం అక్కడికక్కడే చింపేశాడు. పోనీలే, వాడి పొట్టయితే కొట్టలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

గంట తర్వాత క్యానుతో వచ్చిన దుర్గయ్యకు ఆ సంగతి గల్లీ వాళ్లే చెప్పారు. అతను సారు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తలుపు వేసి ఉంది.

మర్నాడు పాలు పల్చగా, మునుపటిలాగే వచ్చాయి. రెండు రోజుల్లో మనుమరాలు లేచి ఆడుకుంది. "గివ్వీ అసలు పాలంటే! ఒక్క మనిషి గట్టిగ నిలవడితె సాలు" అని నాగమణమ్మ గల్లీకంతా వినబడేలా సారును మెచ్చుకుంది. భార్య రుక్మిణమ్మ తెచ్చి ఇచ్చిన చాయ్ సారు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

ఆ సాయంత్రం అరుగు మీద పేపర్ మడత విప్పకుండానే కూర్చున్నాడు. కళ్లద్దాలు ఎక్కడ పడిపోయాయో, ఇల్లంతా వెతికినా దొరకలేదు. జనం చేరారు. దుర్గయ్య కూడా వచ్చి ఎప్పటి చోటే గొంతుక్కూర్చున్నాడు.

"సారూ, ఒక్కటి చెప్పుండ్రి. దేశం గిట్ల దొంగల పాలైంది నాయకులతోటా, మనతోటా?"

అందరూ సారు వంకే చూస్తున్నారు. ఆయన మాత్రం చదవలేని ఆ పేపర్‌లోంచి చూపు ఎత్తలేదు.

"నాయకులతోటే దుర్గయ్యా."

దుర్గయ్య తలూపాడు. మెల్లగా లేచి, రుమాలు ముడి విప్పి, అందులోని కళ్లద్దాలు తీసి సారు పక్కన పెట్టాడు.

"మా గడ్డివాము ఎనుక దొరికినయ్ సారూ."